కుర్చీ ఎక్కిన యాంపు

స్టీల్ గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒకటే. "అంకుల్, ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కొనమంటారు?" నేను వెంటనే జవాబు చెప్పను. "మీరు వాయించబోయేది ఎన్నో అంతస్తులో?" అని ఎదురు అడుగుతాను. ముసలాడికి బుర్ర కూడా పోయినట్టుందని మొహమొహాలు చూసుకుంటారు. అనుకోనీండి. ఈ వృత్తిలో నేను పడిన అవస్థల్లో సగం రాగాల దగ్గర కాదు, మెట్ల దగ్గర పడ్డవే.

నేను కలకత్తాలో స్టీల్ గిటార్ వాయించి బతికినవాణ్ణి. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే గిటార్ అది. మా ఊళ్లో హవాయియన్ గిటార్ అంటారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే గది ఇల్లు. నేను మొదటిసారి గిటార్ ఒళ్లో పెట్టుకున్నప్పుడు మా అమ్మ చూసి, "ఏటిరా కూర్మా అది, పసిపిల్లకి నీళ్లు పోస్తన్నట్టు కాళ్ల మీద పడుకోబెట్టినావు?" అంది. స్టీల్ గిటార్ గురించి అంతకంటే మంచి వర్ణన నేను ఇప్పటికీ వినలేదు.

కొడుకు వాద్యగాడైతే బరువులు మోసే బాధ తప్పుతుందని మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు. పాపం, వాళ్లకి యాంప్లిఫయర్ గురించి తెలియదు.

గొప్ప కచేరీల గురించి ఇక్కడ రాయను. అవి నాకు పెద్దగా లేవు కూడా. చిన్న చిన్న చోట్ల వాయించడానికి తేలికైన యాంపు ఎలా ఎంచుకోవాలో చెబుతాను. అది చెప్పాలంటే శిశిర్‌దా గురించి చెప్పక తప్పదు.

పెద్దపెట్టె రోజులు

శిశిర్‌దా, అంటే మాకందరికీ శిశిర్ అన్న, మా చిన్న బృందానికి పెద్ద. ఆయనది ముఖ్య గిటార్, నాది రెండో గిటార్, పల్టూ తబలా. పెళ్లిళ్లు, అన్నప్రాశనలు, ఆఫీసు క్లబ్బులు, పేటల్లో జల్సాలనే పాటల రాత్రులు, ఏది పిలిస్తే దానికి వెళ్లేవాళ్లం.

ఆయన దగ్గర ఒక వాల్వుల యాంపు ఉండేది. టేకు పెట్టె, లోపల ఇనుప ముద్దల్లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు, వేడెక్కితే ఎర్రగా వెలిగే వాల్వులు, పెద్ద స్పీకరు. అబద్ధమెందుకు, అంత తీయని గొంతు మళ్లీ వినలేదు. కానీ దాన్ని కదపాలంటే పల్టూ ఒక పక్క, నేను ఒక పక్క పట్టాలి. శిశిర్‌దా మాత్రం పట్టేవాడు కాదు. "వాద్యగాడికి చేతులే ఆస్తి, వాటిని పాడుచేసుకోకూడదు" అని మాకు ఉపన్యాసమిస్తూ తన ఆస్తిని జేబుల్లో పెట్టుకుని ముందు నడిచేవాడు. మంచి యజమానే. అపస్వరం పలికితే నలుగురిలో ఒక్క మాట అనేవాడు కాదు, మేం తినందే తాను తినేవాడు కాదు. పెట్టె విషయంలో మాత్రం మహా మొండి.

మినీబస్సు ఎక్కిస్తే కండక్టరు ఆ పెట్టెను ఎగాదిగా చూసి, "దాదా, ఈ పెద్దాయనకి టికెట్టు తీసుకున్నారా?" అనేవాడు. ఒకసారి ఊరేగింపు అడ్డొచ్చి ట్రామ్ ఆగిపోతే నడిరోడ్డు మీద దిగిపోయాం. ఎర్రజెండాల మధ్య నుంచి మేం ఆ పెట్టె మోసుకు పోతుంటే ఇద్దరు కార్యకర్తలకి జాలేసింది. జెండాలు పక్కవాళ్ల చేతికిచ్చి మాతోపాటు ఎత్తారు. వేదిక దాకా వచ్చి, రెండు పాటలు విని, టీ తాగి మరీ వెళ్లారు. వాళ్ల ఊరేగింపు ఏమైందో నేను అడగలేదు.

ఉత్తర కలకత్తాలో ఒక పెళ్లింట్లో డాబా మీద కచేరీ. ఇరుకు మెట్లు, మలుపులు. పెట్టె పైకి చేర్చి గిటార్ పట్టుకునేసరికి నా చెయ్యి వణికిపోతోంది. కడ్డీ తీగ మీద నిలవడం లేదు. పాట అయ్యాక పెళ్లికూతురి మేనమామ వచ్చి నా చేతులు పట్టుకుని, "ఎంత భావం బాబూ, ఒక్కొక్క స్వరం కన్నీరు పెట్టుకుంది" అన్నాడు. నమస్కారం పెట్టాను. కన్నీరు పెట్టుకున్నది నా నడుము.

ఆ మర్నాడే నాకంటూ ఒక తేలిక యాంపు కావాలని నిశ్చయించుకున్నాను.

రెండు తప్పు యాంపులు

చాందినీ బజారులో ఇద్రీస్ మిస్త్రీ అని రేడియోలు, మైకు సెట్లు బాగుచేసేవాడు. అడిగితే యాంపులు కట్టిచ్చేవాడు. నేను వెళ్లి తేలికైనది కావాలన్నాను.

"ఎంత తేలిక?" అన్నాడు.

"మా ఆవిడ ఒంటిచేత్తో ఎత్తగలగాలి."

"మీ ఆవిణ్ణి నేను చూడలేదు సాబ్" అన్నాడు, సోల్డరింగు కడ్డీ మీంచి చూపు తిప్పకుండా.

మొదట కట్టినది నిజంగానే తేలిక. పల్చటి ప్లైవుడ్డు, అరచేయంత స్పీకరు. షాపులో గట్టిగా మీటి చూశాను, బ్రహ్మాండంగా ఉంది. లిలువా రైల్వే కాలనీలో మనవాళ్ల వినాయక చవితి పందిరికి పట్టుకెళ్లాను. సన్నతీగ బాగానే పలికింది. లావుతీగ మీటగానే పెట్టె మొత్తం గడగడలాడింది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన పక్కాయనతో, "ఏటి, వానొస్తందేటి? రేకుల మీద సప్పుడవుతంది" అన్నాడు. అందరూ పైకి చూశారు. చుక్క వాన లేదు.

బరువు తగ్గించవలసినది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. వాల్వులు తీసేసి ట్రాన్సిస్టర్లు పెడితే ఇనుము చాలావరకు పోతుంది. చెక్కనీ స్పీకరునీ కోసి తగ్గిస్తే మిగిలేది డబ్బా. ఈ ముక్క ఇద్రీస్‌తో అంటే, "తేలిక అన్నారు, ఎక్కడ తేలిక అనేది చెప్పలేదు" అన్నాడు. అదీ నిజమే.

రెండోది ఇంకా గొప్ప ఆలోచన. లోడ్‌షెడ్డింగ్ రోజులు కదా, పాట సగంలో ఉండగా పేట పేటంతా చీకటైపోయేది. అందుకని కారు బ్యాటరీతో కూడా పనిచేసేలా కట్టించాను. కరెంటు పోయినా పాట ఆగదని పల్టూ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. బ్యాటరీ కొన్నాక గానీ దాని బరువు తెలిసిరాలేదు. అది యాంపుకంటే బరువు. పైగా యాసిడ్ ఒలికి నా ప్యాంటు మోకాలి దగ్గర చిల్లులు పడింది. మా ఆవిడ పార్వతి ఆ చిల్లులు చూసి, "యాంపు తేలికేనండీ. మరి దాని పెనిమిటిని ఎవులు మోస్తారు?" అంది. ఆ పెనిమిటిని ఒకరోజు శిశిర్‌దా ఇంట్లో దించి, మళ్లీ ఇంటికి తెచ్చుకునే ఓపిక లేక అక్కడే వదిలేశాను. ఆయన భార్య దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, పక్కనే తులసి కుండీ పెట్టుకుంది.

మూడోది

మూడోది కుదిరింది. ట్రాన్సిస్టర్లు, పది అంగుళాల స్పీకరు, మోత పెట్టనంత మందం చెక్క, పైన నడిమధ్య తోలు పిడి. బ్యాటరీ తగిలించే తీగ కూడా ఉంచమన్నాను. ఆశ చావదు కదా.

కొనేవాళ్లకి నేను చెప్పేదిది. షాపులో గట్టిగా మీటి మురిసిపోకండి. గట్టిగా మీటితే ప్రతి యాంపూ గొప్పగానే ఉంటుంది. సన్నతీగ మీద పై స్వరం ఒకటి మెల్లగా మీటి, కడ్డీ అక్కడే ఉంచి, ఆ స్వరం పూర్తిగా చచ్చిపోయేదాకా వినండి. చవక యాంపు ఆ తోకను మింగేస్తుంది. మన వాద్యం బతుకంతా ఆ తోకలోనే ఉంది. తర్వాత లావుతీగ. తర్వాత గిటార్ ముట్టకుండా ఊరికే వినండి, తుమ్మెద రొద వస్తే వద్దు. వాట్లు చివర్న చూడండి. ఇంటి హాలుకి, క్లబ్బు గదికి పెద్ద లెక్క అక్కర్లేదు. అన్నీ నచ్చాక గిటార్ ఒక చేత్తో, యాంపు ఒక చేత్తో పట్టుకుని వీధి చుట్టి రండి. తిరిగొచ్చాక కూడా కొనాలనిపిస్తే కొనండి. నేను మాత్రం హౌరా రేవులో ఫెర్రీ దిగే ఊగులాడే పలక మీద నడిచి పరీక్షించాను. ఎవరూ నీళ్లలో పడలేదు.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు పాఠం దీని తర్వాత నేర్చుకున్నాను.

శిశిర్‌దా శ్రుతి

కొన్నేళ్లకి శిశిర్‌దా వాయింపు శ్రుతి తప్పడం మొదలైంది. మామూలు గిటార్‌కి మెట్లుంటాయి, వేలు సరిగ్గా నొక్కితే స్వరం దానంతటదే వస్తుంది. మా గిటార్ మీద ఉన్నవి ఉత్త గీతలు. కడ్డీ వెంట్రుకవాసి జరిగినా స్వరం పక్కకు పోతుంది. చెవి విని చెబితే చెయ్యి సర్దుకుంటుంది, అంతే. ఆయన చెయ్యి సర్దుకోవడం మానేసింది.

పల్టూ తల దించుకుని తబలా వాయించేవాడు. నేను ఆయన తప్పిన చోటల్లా నా గిటార్ కాస్త పైకి తెచ్చి కప్పేవాణ్ణి. ఆయనకి తెలియకుండా ఉంటుందా? తెలిసేది. సరిగ్గా వినపడక ఇలా అవుతోందని యాంపు ధ్వని పెంచేవాడు. అదీ చాలక మైకు సెట్టు వాళ్ల దగ్గర ఇంకా పెద్ద యాంపు తెప్పించాడు. పెట్టె పెరిగినకొద్దీ శ్రుతి ఇంకా చెడింది.

మా పేటల్లో ఒక ఆచారం ఉంది. యాంపును వేదిక అంచున నేల మీద, ముందు వరస పెద్దల వైపు తిప్పి పెడతారు. క్లబ్బు కార్యదర్శి ఆ వరస మొహాలు చూసే కార్యక్రమం బాగుందో లేదో తేల్చుకుంటాడు. వాయించేవాడు దాని వెనక కూర్చుంటాడు. అందరూ అలాగే పెట్టేవారు, మేమూ అలాగే పెట్టేవాళ్లం. ఎందుకని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

దుర్గాపూజ అయ్యాక ప్రతి పేటలోనూ బిజయా సమ్మేళనం జరుగుతుంది. అందరూ కలిసి మిఠాయిలు తిని పాటలు వింటారు. శిశిర్‌దా పేటలో ఆ సాయంత్రం ఆయన గిటార్‌తోనే మొదలవడం ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి. ఆ ఏడు వానాకాలంలో కార్యదర్శి ఆయన ఇంటికి వచ్చి, నా ముందే, "శిశిర్‌దా, ఈసారి మీకు శాలువా కప్పి సన్మానం చేద్దామనుకుంటున్నాం. పాటలకి పక్కపేట కీబోర్డు ఆయన్ని పిలిచాం" అన్నాడు. మా కలకత్తాలో శాలువా కప్పారంటే, మహానుభావా ఇక వాయించకు అని మర్యాదగా చెప్పడం.

ఆయన నవ్వి, "శాలువాకి ముందు ఒక్క పాట వాయించనివ్వు" అన్నాడు. కార్యదర్శి కాదనలేకపోయాడు. అతను వెళ్లాక శిశిర్‌దా నాతో అన్నాడు. "ఆ పాట కూడా తప్పితే, కూర్మా, నా గిటార్ నువ్వు పట్టుకెళ్లిపో. ఇంట్లో దాన్ని చూస్తూ కూర్చోలేను."

నాకు వాయించడం నేర్పిన చెయ్యి అది.

గదిలోకి వచ్చిన వాన

పూజకి కొన్ని వారాల ముందు గట్టి వాన కురిసింది. నేనొక పుట్టినరోజు కచేరీ చూసుకుని, యాంపు గిటార్లతో వస్తూ శిశిర్‌దా ఇంట్లో చిక్కుకుపోయాను. వాళ్లది నేలకు దగ్గరగా ఉన్న కింది వాటా. వీధి నీరు గదిలోకి వచ్చేసింది, కరెంటు లేదు. కలకత్తా మంచాలు ఇటుకల మీద ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఇద్దరం మంచమెక్కి కూర్చున్నాం. వంటింట్లో బౌది, అంటే వదిన, శిశిర్‌దా భార్య, చీర ఎత్తి దోపుకుని బల్ల మీద స్టవ్వు పెట్టి కిచిడీ వండుతోంది.

యాంపు తడవకుండా మంచం పక్కన కుర్చీ మీద పెట్టాను. ఊసుపోక కిటికీ గట్టు మీది బ్యాటరీ తగిలించాను. బౌది అప్పుడప్పుడూ చార్జి చేయించినందుకో, తులసమ్మ పక్కన పుణ్యం సంపాదించుకుందో, ఇంకా ప్రాణంతోనే ఉంది. నా గిటార్ శిశిర్‌దా ఒళ్లో పెట్టి వాయించమన్నాను. వద్దు వద్దంటూనే కడ్డీ అందుకున్నాడు.

మెల్లగా మొదలుపెట్టాడు. నేను కాళ్లు ముడుచుకుని వింటున్నాను. కాసేపటికి నా వీపు నిటారైంది. ఒక్క స్వరం కూడా పక్కకు పోవడం లేదు. నేను మొదటిసారి ఆయన్ని విన్నప్పటి వాయింపు అది. వంటింటి గుమ్మంలో బౌది గరిటె పట్టుకుని, నీళ్లలో నిలబడిపోయింది.

"ఇన్నాళ్లూ ఈ చెయ్యి ఎక్కడికి పోయింది?" అంది.

ఆయన బిత్తరపోయి చూశాడు. నాకు మాత్రం ఏదో వెలిగింది. యాంపు తీసుకెళ్లి కిటికీ గట్టు మీద, వీధివైపు తిప్పి పెట్టాను. "మళ్లీ వాయించండి దాదా." రెండు వరసలకే శ్రుతి జారింది. తెచ్చి మళ్లీ కుర్చీ మీద ఆయన చెవి దగ్గర పెట్టాను. సర్దుకుంది.

"చెయ్యి ముసలిదైపోయిందనుకున్నాను" అన్నాడు.

"చెయ్యి బాగానే ఉంది. వయసుతో చెవి కాస్త దూరమైంది, అంతే. మనం పెట్టెను ఊరివైపు తిప్పి, దాని వీపు చూస్తూ వాయిస్తున్నాం. ఎంత పెంచితే ఏం లాభం?"

ఆయన ఏడ్చేశాడు. దాచుకోలేదు కూడా. బౌది మా ఇద్దరికీ కిచిడీ పళ్లాలు చేతికిచ్చి, "ముందు తినండి, తర్వాత ఏడవచ్చు" అంది.

అప్పుడు తెలిసింది నాకు తేలిక యాంపు అసలు ఎందుకు కావాలో. నడుము కోసం అనుకున్నాను. ఆ టేకు పెట్టెను ఏ కుర్చీ మీదా పెట్టలేం, అది నేల మీద ఉండి మన మోకాళ్లకి పాట వినిపిస్తుంది. తేలికైనదైతే చెవి దగ్గరికి వస్తుంది.

బిజయా సమ్మేళనం

ఆ సాయంత్రం వేదిక మీద నాలుగు కుర్చీలున్నాయి. శిశిర్‌దా కోసం ఒకటి ఇచ్చారు. యాంపుకి ఇంకొకటి కావాలన్నాను.

కార్యదర్శి కంగారుపడ్డాడు. "అవి అతిథులవి. ముఖ్య అతిథి కుర్చీ ఎలా ఇస్తాను? అయినా ఈ బుల్లిపెట్టె ముందు వరసకేం వినిపిస్తుంది?"

"ముందు వరసకి మీ మైకు వినిపిస్తుంది. దీని ముందు ఒక మైకు పెట్టించండి. ఇది ఆయన కోసం."

అతను ఇంకా ఏదో అనబోతుంటే బౌది ముందు వరసలోంచే గట్టిగా అంది. "ముఖ్య అతిథి ఏనాడైనా వేళకి వచ్చాడా? వచ్చినప్పుడు చూసుకోవచ్చు." అందరూ నవ్వారు. మధ్యనున్న కుర్చీ, వీపుకి పూలదండ కట్టినది, తెచ్చి శిశిర్‌దా ఎడమ చెవి పక్కన వేశాను. యాంపును ఒంటిచేత్తో ఎత్తి దాని మీద కూర్చోబెట్టాను.

పల్టూ తబలా మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. శిశిర్‌దా అలవాటు కొద్దీ ధ్వని బాగా పెంచుకుని మొదటి స్వరం మీటాడు. తల పక్కకి వంచి విన్నాడు. తర్వాత చెయ్యి చాపి, ధ్వని తగ్గించాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆయన ఆ నాబు వెనక్కి తిప్పడం చూశాను.

ఇక పాట గురించి ఎక్కువ చెప్పను. ఎక్కడా తప్పలేదు. నేను రెండో గిటార్ ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కప్పవలసిన పని లేదు. కీబోర్డు ఆయన మెట్ల దగ్గర నిలబడి, ఇంకొకటి, ఇంకొకటి అని అందరికంటే ముందు అరిచాడు. ముందు వరస పెద్దలు రసగుల్లా పళ్లాలు చేతుల్లో పట్టుకుని తినడం మరచిపోయారు. కార్యదర్శి వాళ్ల మొహాలు చూసి, ఒక్క పాట అన్న సంగతి తానే మరచిపోయాడు.

ముఖ్య అతిథి మూడో పాట మధ్యలో వచ్చాడు. తన కుర్చీలో యాంపు కూర్చుని ఉండటం చూసి, ఏమనుకున్నాడో, చప్పుడు చెయ్యకుండా వెళ్లి బౌది పక్కన కూర్చున్నాడు. మంచివాడు.

చివర్న శాలువా కప్పారు. చప్పట్లు. శిశిర్‌దా అందరికీ దండం పెట్టి, ఆ శాలువాని భుజాల మీంచి తీసి, యాంపుకి నాలుగు వైపులా శ్రద్ధగా చుట్టాడు.

"అదేంటి దాదా?" అన్నాడు కార్యదర్శి.

"మబ్బు పట్టింది, తడిస్తే పాడవుతుంది" అన్నాడు. ఈ వృత్తిలో మొట్టమొదటిసారి పిడి పట్టుకుని తానే మోసుకుంటూ మెట్లు దిగాడు.

ఆ యాంపు మళ్లీ నా ఇంటికి రాలేదు. నేను ఇద్రీస్ దగ్గరికి వెళ్లి అలాంటిదే ఇంకోటి కట్టించుకున్నాను. మరుసటి ఏడు బిజయా సమ్మేళనానికి శిశిర్‌దా తన గిటార్ ఒక చేత్తో, యాంపు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. యాంపు అదే శాలువా కప్పుకుని ఉంది. వేదిక మీద కార్యదర్శి దానికి ముందే కుర్చీ వేయించి ఉంచాడు.